నాంపల్లి పాటగాండ్ర బ్రతుకుదెరువు



“పాట కూడు పెట్టునా?” అను ప్రశ్న మన పల్లెలలో క్రొత్తది కాదు. కుఱ్ఱవాడు పుస్తకము మూలబెట్టి రేకుడబ్బామీద దరువు వేయుట కారంభించెనా, తండ్రి యడుగునది యిదియే, తాత యడుగునది యిదియే. నేను బడిపంతులుగా నున్న దినములలో ఈ ప్రశ్న నా యెదుటికి పెక్కుమార్లు వచ్చినది. తండ్రులు నాచేత “పెట్టదు” అనిపించుటకే వచ్చెడివారు. నేటి ప్రసంగమున నేను “పెట్టును” అనియు చెప్పను, “పెట్టదు” అనియు చెప్పను. ఎవరికి పెట్టినది, ఎంతకాలము పెట్టినది, ఎవరి చేతితో పెట్టినది అను సంగతులు చెప్పెదను.

నేను చెప్పబోవునది త్యాగరాజస్వామివారి కృతులను సాధనచేయు విద్వాంసులను గూర్చి కాదు. వారి మార్గము వేఱు, వారి సభలు వేఱు. జాతరలో, పెండ్లిలో, ఊరేగింపులో, చలనచిత్రములో జనము కాలు నిలువక ఆడునట్లు పాడువారున్నారే, వాయించువారున్నారే, వారిని గూర్చి నాలుగు మాటలు. సర్వసామాన్యముగ చెప్పిన విషయము గాలికి బోవును గనుక, హైదరాబాదు నగరమున అబిడ్సు, నాంపల్లి యను రెండు పేటల చుట్టును తిరుగుచు, అచ్చటి మనుష్యులను జూపి చెప్పెదను. నడుమ నొకసారి సముద్రము దాటవలసి వచ్చును. మఱల నాంపల్లికే వత్తుము.

ఇట్టి పాటలను గూర్చి మాటలాడుట పండితులకు తగదని కొందఱి యభిప్రాయము. నాకట్లు తోచదు. కాకతి గణపతిదేవుని గజసాహిణియు, బావమఱదియు నైన జాయప సేనాని 1253 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ యను సంస్కృత గ్రంథమును రచించెను. అది ఎనిమిది అధ్యాయముల పుస్తకము. మొదటి నాలుగు అధ్యాయములు మార్గమునకు, అనగా శాస్త్రము నిర్ణయించిన నృత్తమునకు. తక్కిన నాలుగును దేశికి, అనగా ఆయా సీమలలో జనులు తమ రుచికొలది ఆడుకొను ఆటలకు. సగమునకు సగము! ఏనుగుల సేనను నడపిన దొర, రాజసభలో పీటమీద కూర్చుండువాడు, వీథిలోని ఆటకు సగము పుస్తక మిచ్చినాడు. పాల్కురికి సోమనాథుడును తుమ్మెదపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు అని జనుల పాటల పేళ్లను ‘పండితారాధ్య చరిత్ర’లో నెక్కించినాడు. వారికి లేని సిగ్గు మనకేల?

ఇక నాంపల్లి. 1907లో కట్టిన రైలునిలయము ఆ పేటకు ముఖద్వారము వంటిది. మన ఊళ్లనుండి పట్టణమునకు పోయినవారిలో చాలమంది మొదట కాలుమోపినది అచ్చటనే. కొంచెము తూర్పునకు పోయిన అబిడ్సు. ఆ పేరు తెలుగు కాదు, ఉర్దూ కాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కడ పరిచారకుడుగ నుండి, పిదప ఆ చోట అంగడి పెట్టిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా జాతివాని పేరు. అంగడి పోయినది, పేరు నిలిచినది. ఈ రెంటి నడుమ, 1935లో కట్టిన రాతి మండీ యొకటి గడియారపు గోపురముతో నిలిచి యున్నది. దాని పేరు మొజంజాహి మార్కెట్టు. ఏడవ నిజాముయొక్క రెండవ కొమారుడు మొజంజా పేర వెలసినది. ఈ రాకుమారుని పేరు జ్ఞాపకముంచుకొనవలెను. మన కథకు ఆయనతో పనియున్నది.

ఆ చుట్టుపట్లనే యూసుఫైన్ దర్గా యున్నది. ఉర్దూ కవులలో మేటియైన దాగ్ దెహల్వీ 1905లో హైదరాబాదున గతించగా ఆయనను సమాధి చేసినది అచ్చటనే. ఉర్సు దినములలో అచ్చట ఖవ్వాలీ జరుగును. 1938లో పబ్లిక్ గార్డెన్సు తోటలో ఆరంభమై, 1946లో నాంపల్లి మైదానమునకు మాఱిన నుమాయిష్ సంతలో, జనవరి నెల పొడుగునను రంగస్థలము మీద పాటకచేరులుండును. ఆ తోటకు సమీపముననే రవీంద్రభారతి. తోట కెదురుగనే ఆకాశవాణి. ఆకాశవాణికి పూర్వము దక్కన్ రేడియో యుండెను. 1935లో నిజాము ప్రభుత్వము దానిని తన క్రిందికి తెచ్చుకొనెను. 1950 ఏప్రిలు 1వ తేదీన అది ఆకాశవాణిలో కలిసెను. చూచితిరా, రాజుకొలువు, దర్గా, సంత, రేడియో, నాటకశాల: పాటగానికి కూడు పెట్టు గడపలన్నియు గంటసేపటి నడకలో నున్నవి. నగరమున నింకెచ్చటను ఇన్ని గడపలు ఒకచోట గుమిగూడలేదని నా యెఱుక.

ఈ గడపలలో మొదటిదాని యెదుట నిలిచినవాడు పండిత విఠలరావు. గజల్ గాయకుడు. గజల్ అన నేమో ఎఱుగనివారికి ఒకమాట: అది ఉర్దూ పద్యమాల. రెండేసి పాదముల ద్విపదలుగ నుండును. ప్రతి ద్విపదయు తనంత తాను సంపూర్ణము. మన చాటుపద్యము వలె దేనికది విడదీసి చెప్పుకొనవచ్చును. అంత్యప్రాస మాత్రము అన్నిటిని ఒక దారమున గ్రుచ్చును. విఠలరావు చిన్నవయస్సుననే మొజంజా రాకుమారుని కొలువున గాయకుడుగ కుదిరెను. రాకుమారుడు స్వయముగ కవి. రాత్రులందు కవులును గాయకులును చేరి ఆయన సభను నింపెడివారు. తెలుగువీథిలో విఠలుడను పేరుగల బాలుడు ముసల్మాను రాకుమారుని యెదుట ఉర్దూ పద్యము పాడుచుండెనన్న, అది హైదరాబాదున కాక మఱెక్కడ జరుగును?

1948 సెప్టెంబరుతో నిజాము పాలన ముగిసినది. కొలువులు ఎండిన చెఱువులైనవి. రాజు పెట్టిన కూడు రాజుతోనే పోవును, ఇది పాటగాండ్రు అనాదిగ నెఱిగిన సంగతియే. అటుపిమ్మట ఆయన సభలలో పాడుచు, శిష్యులకు చెప్పుచు బ్రతికెను. ఒక తరము గజల్ గాయకులు ఆయన చేతిక్రింద తయారైరి. 2015లో షిరిడీయాత్రకు పోయినప్పుడు ఆ వృద్ధుడు తప్పిపోయెను. కొన్ని వారములు కుటుంబమువారికి కానరాలేదు. ఆ యేడే కాలధర్మము నొందెను. ఎనుబదియేండ్లు దాటిన గాయకుడు, ఒకనాడు రాకుమారుని సభకు అలంకారముగ నున్నవాడు, యాత్రికుల గుంపులో నెవరికిని తెలియక తప్పిపోవుట! పాటను ఎఱిగినవారందఱు పాటగాని ముఖమును ఎఱుగరు. దీనిని పత్రికలలో చదివిన దినమున నాకు అన్నము సహింపలేదు.

ఇంకొక విఠలరావు ఉన్నాడు. మెదకు సీమ తూప్రానులో పుట్టిన గుమ్మడి విఠలరావు. లోకమునకు గద్దరుగనే తెలియును. ఆయన రాజకీయములతో నాకు పొత్తు లేదు, వాని మంచిచెడ్డలు ఈ ప్రసంగమునకు చెందినవి కావు. పాటగాని బ్రతుకుగ మాత్రము చూతము. బ్యాంకులో గుమాస్తా పని యుండెను. నెలజీతము, పింఛను, అన్నియు నుండెను. దానిని విడిచి గొంగడి భుజమున వేసికొని, కాలికి గజ్జె కట్టి, డప్పుతో ఊరూర పాడెను. 1997లో దుండగులు కాల్చిన తూటా యొకటి ఆయన మేననే నిలిచిపోయినది. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రమునకు వ్రాసిన పాటకు రాష్ట్రప్రభుత్వము నంది బహుమతి నిచ్చిన, పుచ్చుకొనలేదు. 2023 ఆగస్టు 6వ తేదీన గతించెను. అబిడ్సు ప్రక్కనున్న లాల్‌బహాదూరు మైదానమున ఆయన దేహము నుంచగా జనము వెల్లువై వచ్చినది. విచిత్రమేమనగా, నంది బహుమతిని త్రోసిపుచ్చిన ఆ మనుష్యుని పేరనే తెలంగాణ ప్రభుత్వము 2025లో చలనచిత్ర పురస్కారముల నిచ్చినది. బ్రతికియుండిన ఏమనెడివాడో!

ఒక విఠలరావుకు రాజు పెట్టెను, ఒక విఠలరావుకు జనము పెట్టెను. ఇక మూడవవానికి వత్తము. ఈతడు మొదటి విఠలరావు శిష్యుడే.

రాహుల్ సిప్లిగంజ్ 1989లో హైదరాబాదున జన్మించెను. తండ్రికి నాంపల్లిలో క్షౌరశాల. బాలుడు డబ్బాలమీద దరువు వేయుచు జానపదపు బాణీలో పాటలు కట్టుచుండగా తండ్రి గమనించెను. ఇచ్చట ఒక్కక్షణము ఆగవలెను. ఆ తండ్రి డబ్బా లాగికొనలేదు. అట్లని కొమారుని మెచ్చుకొని ఊరకొనను లేదు. విఠలరావుగారి కడకు గజల్ నేర్చుకొమ్మని పంపెను. పిల్లవానికి ఇష్టమైనది వీథిపాట. తండ్రి పంపినది ఉర్దూ గజల్ గురువు నొద్దకు. ఆ రెంటికి పొత్తేమని పైపై చూచువారి కనిపించును. గజల్ పాడువానికి ఊపిరి పట్టు కావలెను, అక్షరము స్పష్టముగ పలుకవలెను, ఒక మాటను పదిరీతుల త్రిప్పి పాడగల నేర్పు కావలెను. ఇవి వచ్చినవాడు ఏ పాటనైన పాడును. ఏడేండ్లు నేర్చుకొనెను. ఆ దినములలోనే దుకాణమున తండ్రికి చేదోడుగ నుండెను.

మన పల్లెలలో క్షురకవృత్తికిని సంగీతమునకును గల సంబంధము మీకు నేను చెప్పనక్కఱలేదు. దేవళములో మేలుకొలుపునాడు, పెండ్లిలో తాళికట్టు వేళ, సన్నాయి యూదినదెవరు, డోలు వాయించినదెవరు? ఉదయమున గడ్డము గీచిన చేయియే సాయంకాలము డోలుమీద మంగళధ్వని పలికించినది. రాహుల్ వంశమును గూర్చి నేను చెప్పుట లేదు. ఆ వృత్తికి సంగీతము పరాయిది కాదని మాత్రము చెప్పుచున్నాను. క్షౌరశాలలో రేడియో దినమంతయు మ్రోగుచునే యుండును, అదియు నొక బడియే.

మొదట బృందములో ఒక గొంతుగ పాడెను. 2009లో ‘జోష్’ చిత్రమున ఒక పాట దొరకెను. తన పాటలను కూర్చి కీరవాణిగారికి వినిపింపగా, 2012లో ‘దమ్ము’ చిత్రమున అవకాశము లభించెను. 2018లో ‘రంగస్థలం’ పాట, 2019లో ‘ఇస్మార్ట్ శంకర్’ చిత్రమున బోనాల పాట. వీని నడుమ సినిమావారు పిలుచువఱకు చేతులు కట్టుకొని కూర్చుండక, హైదరాబాదు గల్లీల భాషలో తానే పాటలు కట్టి, తానే చిత్రము తీయించి, అంతర్జాలమున విడుదల చేయుచుండెను. వానిలో కొన్నిటి పేళ్లు ఆకాశవాణిలో పలుకుటకు నా నోరు రాదు. గల్లీ కుఱ్ఱకారు మాత్రము వానిని కంఠస్థము చేసిరి. ఆ పేళ్లను నేను మెచ్చను. ఎవరి గడపయు త్రొక్కక వినువారిని తానే సంపాదించుకొన్న ఆ పూనికను మాత్రము మెచ్చవలసినదే. 2019లో దూరదర్శినిలో జరిగిన ‘బిగ్ బాస్’ పోటీలో గెలుచుటకును ఆ వినువారే కారణము.

ఆపై ‘నాటు నాటు’. రాజమౌళి తీసిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రమునకు చంద్రబోస్ వ్రాయగా కీరవాణి బాణీ కట్టెను. రాహులును కాలభైరవయు కలిసి పాడిరి. పాట 2021 నవంబరులో వెలువడెను, చిత్రము 2022 మార్చిలో. చంద్రబోస్ వరంగల్లు సీమలోని చల్లగరిగ అను పల్లెలో పుట్టినవాడు. పాటలో నూటికి తొంబదిపాళ్లు సగము దినములో వచ్చినదనియు, మిగిలిన పదిపాళ్లు ముగియుటకు పందొమ్మిది నెలలు పట్టినదనియు ఆయనయే చెప్పినాడు. ఆశుకవిత్వమును పొగడువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను. 2023 మార్చి 12వ తేదీన అమెరికాలో ఆస్కారు సభలో ఆ పాటకు బహుమతి వచ్చెను. భారతదేశమున తీసిన చిత్రములోని పాటకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. నాంపల్లి క్షౌరశాలలో తండ్రికి తోడుగ నిలిచిన యువకుడు ఆ సభారంగము మీద నిలిచి ఆ పాటను పాడెను.

ఆ పాట నడక ఆఱు మాత్రలది, అనగా తిస్రగతి. తకిట, తకిట అని కాలు తానే లేచును. నగరపు వీథులలో తీన్‌మార్ అను దరువొకటి యున్నది. తీన్ అనగా మూడు, మార్ అనగా దెబ్బ. బోనాల ఊరేగింపున, పెండ్లి బరాతులో, వినాయకుని సాగనంపునప్పుడు వినబడునది అదియే. ఆ దరువుతో పెనవేసికొన్నది మర్ఫా వాద్యము. ఆ మర్ఫా పుట్టుక విన్నచో మీరు ఆశ్చర్యపడుదురు. నాంపల్లికి పడమటగా ఏ.సి. గార్డ్సు అను బస్తీ యున్నది. ఏ.సి. అనగా చల్లని గాలి యంత్రము కాదు. ఆఫ్రికన్ కావల్రీ, అనగా ఆఫ్రికా జాతి ఆశ్విక దళము. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు సిద్దీలతో కూర్చిన దళము పిదప నిజాము సేనలో చేరినది. వారు కాపురమున్న చోటు అది. అరబ్బు దేశమున హద్రమౌత్ నుండి వచ్చిన సిపాయిలు నగరమునకు దక్షిణమున బార్కస్ అను చోట కాపురముండిరి. బ్యారక్సు అను ఆంగ్లపదమే జనుల నోట బార్కస్ అయినది. ఈ ఇరుతెగలవారి పండుగవాద్యము మర్ఫా. గిన్నెవంటి భేరి, డోళ్లు, దఫ్, చెక్కలు, లోహపు బిందెలు కలిపి వాయింతురు. ఎదుట కత్తులు, కఱ్ఱలు త్రిప్పుచు ఆడుదురు. నిజాము పాలన పోవగా దళములును పోయినవి. గుఱ్ఱము పోయినది, కొలువు పోయినది. డోలు మిగిలినది. తాతల నాటి వేడుకవాద్యము మనుమలలో కొందఱికి పెండ్లిండ్లలో కూలి తెచ్చు వృత్తియైనది.

ఇప్పుడు సముద్రము దాటుదము. ఆఫ్రికా తూర్పుతీరమువారు ఇటు దక్కనునకు సిపాయిలుగ వచ్చినట్లే, పడమటితీరమువారిని తెల్లవారు బానిసలుగ పట్టి అమెరికా నడుమనున్న ద్వీపములకు కొనిపోయిరి. అట్టి ద్వీపములలో ట్రినిడాడ్ ఒకటి. బానిసత్వము తొలగిన పిదప చెఱకుతోటలలో కూలికి మనవారిని కొనిపోయిరి. మొదటి ఓడ 1845 మే నెలలో చేరెను. కలకత్తా రేవునుండి పోయినవారు పెక్కురు. చెన్నపట్టణపు రేవునుండి పోయినవారిలో తెలుగువారును కొందఱుండిరి. అచ్చట నీగ్రోజాతివారు కాలిప్సో అను పాట పాడుచుండగా, మనవారు డోలకును, ధంతాల్ అను ఇనుపకమ్మిని వాయించుకొనుచుండిరి. రెండు పేటలు ప్రక్కప్రక్కనే, పాటలు మాత్రము వేఱువేఱు.

లెంగువా అను పల్లెలో భారతీయుల నడుమ పెరిగిన గార్‌ఫీల్డ్ బ్లాక్‌మన్ అను నీగ్రో యువకుడు ఈ రెంటిని కలిపెను. పాటగాండ్రలో ఆయన పేరు లార్డ్ షార్టీ. కాలిప్సో క్షీణించుచున్నదని వగచి, దానికి మన డోలకు దరువును ఎక్కించెను. 1973లో ‘ఇంద్రాణి’ అను పాట కట్టెను. పేరు చూచితిరా! మన వాద్యములు కలిపి కాలిప్సోను చెఱచినాడని విమర్శకులు మండిపడిరి. అప్పుడాయన చేసినది మిక్కిలి తెలివైన పని. డోలకును ధంతాలును తీసివేసి, వాని దరువును మాత్రము ఇతర వాద్యములకు పంచిపెట్టెను. 1974లో వచ్చిన ఆ పాటలు ద్వీపమునంతను ఆడించినవి. వాద్యము కనబడదు, నడక మాత్రము మనదే. దానికి సోకా అని పేరు. ఆ పేరులోని ‘క’కారమును మన వర్ణమాలలోని మొదటి హల్లునుండి తీసికొంటినని ఆయన చెప్పుకొనెను. కాదు, కాలిప్సోలోని కకారమే యని వాదించువారును కలరు. నేను పంతులను గనుక మన కకారము పక్షమే వహించెదను.

ఈ షార్టీ బ్రతుకు ఎట్లు సాగెను? ధనము వచ్చెను, కీర్తి వచ్చెను, విందులు విలాసములు వచ్చెను. అన్నిటిని విడిచి ఆలుబిడ్డలతో పిపారో అను అడవిపల్లెకు పోయి, పేరు మార్చుకొని, భక్తిపాటలు పాడుచు కడపటి కాలము గడపెను. మత్తుమందుల జోలికి పోవలదని బిడ్డలకు చెప్పు పాట ఆయన కడపటి పాటలలో పేరెన్నికగన్నది. 2000లో గతించెను. జమైకా అను ఇంకొక ద్వీపమున, కింగ్‌స్టన్ నగరపు పేదపేటలలో, పెద్ద పెద్ద ధ్వనిపెట్టెలు పెట్టి జనము ఆడు శాలలుండెడివి. 1970ల చివర ఆ శాలల పేరనే డాన్స్‌హాల్ అను పాటరీతి పుట్టినది. అందులో మొదటి మహాప్రసిద్ధుడు యెల్లోమన్. మేన వర్ణమే లేక పుట్టి, తల్లిదండ్రుల నెఱుగక అనాథశాలలో పెరిగి, తన్ను వెక్కిరించిన జనముచేతనే చప్పట్లు కొట్టించుకొన్నవాడు. దవుడకు పుట్టకురుపు వచ్చి శస్త్రచికిత్స జరిగి ముఖము మాఱినను మఱల పాడెను.

ఆ జమైకా ధ్వనిపెట్టెలకు చుట్టమే మన జాతరలకు లారీలమీద వచ్చు డీజే పెట్టె. అచ్చట పెట్టె ప్రక్కన మైకు పట్టుకొని అప్పటికప్పుడు మాటలల్లు పాటగాడుండును. మన లారీమీద మాత్రము మనుష్యుడు మీట నొక్కుటకే యుండును. నాకు గిట్టనిది ఈ భేదమే కాని, మ్రోత కాదు. ఒక లారీ వచ్చిన ఊరిలో డప్పువారు పదిమంది ఇంటికడ కూర్చుందురు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసువారు మతసంబంధమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. వారు చూచినది చెవుల బాధ, గుండెజబ్బులవారి బాధ. డప్పువాని కడుపు బాధ ఆ యుత్తరువున లేదు.

మఱల నాంపల్లికి వచ్చి కూటి లెక్క చూతము. ఆస్కారు బహుమతి ‘నాటు నాటు’ పాడినవారికి వచ్చినదని చాలమంది తలంతురు. రాలేదు. ఆ బహుమతి బాణీ కట్టినవారికి, మాట వ్రాసినవారికి మాత్రమే. అది అచ్చటి నియమము. గొంతు ఇచ్చినవారు రంగముమీద పాడి దిగిరి. ఇందులో అన్యాయము లేదు, కాని గొంతు వెల యెంత అను ప్రశ్న ఉన్నది. మన దేశమున చిరకాలము సినిమాపాట పాడినవానికి ఆనాటి కూలి తప్ప మఱేమియు లేదు. పాట నలువదియేండ్లు మ్రోగినను, మ్రోగిన ప్రతిసారియు ధనము మఱెవరికో పోయెడిది. లతా మంగేష్కర్ 1960లలోనే గాయకులకు భాగము కావలెనని కోరగా, మహమ్మద్ రఫీ కూలి పుచ్చుకొన్న పిదప భాగమేల యనెను. ఆ మాటపై ఇరువురును కొంతకాలము కలిసి పాడుటయే మానిరి. రఫీగారిది సాధువు మాట. కాని సాధువు మాటతో ముసలితనమున వైద్యుని ఋణము తీఱదు.

2012లో గ్రంథస్వామ్య చట్టమును సవరించిరి. గాయకుని పాట వ్యాపారమునకు వాడబడినయెడల అతనికి భాగము చెల్లవలెనని అందున్నది. గాయకుని హక్కు యాబది యేండ్లు నిలుచును. ఆ మఱుసటి యేడు గాయకులు సంఘముగ నేర్పడిరి. అయినను పాట ఎవరిదను వివాదము తీఱలేదు. 2017లో బాలసుబ్రహ్మణ్యముగారు అమెరికాలో కచేరులు చేయుచుండగా, తన అనుమతి లేక తన బాణీలు పాడరాదని ఇళయరాజాగారు లాయరుచేత తాఖీదు పంపించిరి. చిరకాల స్నేహితులు! బాలసుబ్రహ్మణ్యముగారు కోపించుకొనక, ఇతరుల బాణీలు పాడి కచేరులు ముగించెను. చట్టము ఇళయరాజాగారి పక్షముననే యుండవచ్చును. వినువారి మనస్సు నొచ్చుకొన్నది.

2025 బోనాల పండుగ వేళ తెలంగాణ ప్రభుత్వము రాహులుకు కోటి రూపాయల పారితోషికము ప్రకటించినది. గురువు పాడిన రాకుమారుని సభ ఎండిపోయిన డెబ్బదియేండ్లకు పైబడిన పిదప శిష్యునికి సర్కారు సభ దొరకినది. సంతోషమే. అయితే పారితోషికము ఇచ్చువాని దయ. భాగము పుచ్చుకొనువాని హక్కు. మొదటిది లక్షమందిలో ఒకనికి అందును. రెండవది కాగితము సరిగ వ్రాసికొన్న ప్రతివానికి అందవలసినది.

ఈ కాగితపు సంగతి మీ ఊళ్లవఱకు వచ్చినది గనుకనే ఇంత చెప్పితిని. నేడు జానపదగీతములు రికార్డుచేసి అంతర్జాలమున విడుదల చేయువారు పల్లె పల్లెకు వచ్చుచున్నారు. నాట్లువేయు తల్లి నోట విన్న పాటను, ఒగ్గు చెప్పు పెద్ద నోట విన్న పాటను కుఱ్ఱవాడు పాడును. వాడు సంబరపడి చూపినచోట సంతకము చేయును. పాట కోటిమంది విందురు, వానికి దక్కునది ఆనాటి బస్సుచార్జి, ఒక చొక్కా. అట్లే జాతరకు మర్ఫావారినో డప్పువారినో కుదుర్చుకొన్నప్పుడు, బయానా ఎంత, మిగిలినది ఏనాడు, వాన వచ్చి ఊరేగింపు ఆగినచో కూలి ఉన్నదా లేదా, రాత్రి భోజన మెక్కడ అను నాలుగు మాటలు ముందుగ వ్రాసికొనుట లేదు. తెల్లవాఱుజామున ఆటలో అలసినవారు ఇండ్లకు పోవుదురు, వాయించినవారు మాత్రము పెద్దమనిషి వాకిట నిలిచి యుందురు. ఆ చీటీ వ్రాయుటకు ప్లీడరు అక్కఱలేదు, గ్రామపంచాయతిలో పుస్తకము పట్టువాడు చాలును. ఇక కుఱ్ఱవాని చేతికి వచ్చిన ఒప్పందకాగితము సాధారణముగ ఆంగ్లమున నుండును. “సర్వహక్కులు, సర్వకాలము” అను అర్థమిచ్చు పంక్తి అందులో ఏ పుటలో నున్నదో, ఆంగ్లము చదివిన వారొకరు వాని ప్రక్కన కూర్చుండి సంతకమునకు ముందు రాత్రియే వెదకి చూపవలెను.